మా మాస్టారి పేజీకి తొలగింపు మూస పెట్టారు. విజ్ఞాన సర్వస్వంలో చోటు దేన్ని బట్టి ఇస్తారు?

చుక్కలముగ్గు · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని వికీపీడియాలో మా లెక్కల మాస్టారి మీద వ్యాసం రాశాను. ముప్ఫై నాలుగేళ్లు పాఠాలు చెప్పిన మనిషి. గణిత పదాలకు తేలిక మాటల్లో అర్థాలు చెబుతూ ఒక నిఘంటువు ఒంటిచేత్తో తయారుచేశారు. ఇవాళ పొద్దున చూస్తే పేజీ నెత్తిన తొలగింపు మూస, అంటే పేజీ తీసేయాలని పెట్టే హెచ్చరిక పట్టీ. "విషయ ప్రాముఖ్యత కనబడటం లేదు, వారం రోజుల్లో చర్చించి నిర్ణయిస్తాం" అని ఒకే ఒక్క వాక్యం.

చదవగానే ఎవరో చెంప మీద కొట్టినట్టు అనిపించింది. నన్ను అని ఉంటే ఊరుకునేదాన్ని. ఆయన్ని అన్నారు. అదే వికీపీడియాలో రెండు సినిమాల్లో కనబడి మాయమైన వాళ్లకు పేజీలున్నాయి, వీడియో గేముల్లో ఊహా జంతువులకు పేజీలున్నాయి. వేలమంది పిల్లలకు లెక్కలంటే భయం పోగొట్టిన మనిషి వాటికన్నా తక్కువా? ఆ నిర్ణయం చేసేది ఎవరు, దేన్ని బట్టి? వికీలో అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. తొలగించేటట్టయితే కనీసం ఎందుకో అర్థమయ్యేలా తెలుసుకోవాలని ఉంది.

పాతకాపు · సోమవారం, రాత్రి 10:55

చుక్కలముగ్గు గారూ, ముందు మీ వ్యాసం మొత్తం చదివాను. బాగా రాశారు. ఆ మనిషి మీద గౌరవం కలిగింది. ఆ మూస పెట్టింది నేను కాదు గానీ, పన్నెండేళ్లుగా ఇలాంటి చర్చల్లో ఉన్నవాణ్ణి కాబట్టి తెలిసింది చెబుతాను.

అసలు చిక్కంతా "ప్రాముఖ్యత" అన్న మాటతోనే. అది వినగానే ఎవరికైనా "నువ్వు ముఖ్యుడివి కాదు పో" అన్నట్టే వినిపిస్తుంది. వికీలో దాని అర్థం అది కాదు. ఇంగ్లీషులో నోటబిలిటీ అంటారు. ఇతరులు గమనించి రాసిపెట్టిన విషయమా కాదా అన్నదే అక్కడ ప్రశ్న. చూసేవి మూడు. ఆ విషయంతో సంబంధం లేనివాళ్లు దాని గురించి రాశారా? తప్పొప్పులు చూసే సంపాదకులున్న చోట రాశారా? పేరు చెప్పి వదిలేయకుండా, దాని గురించే కాస్త విస్తారంగా రాశారా? ఈ మూడూ ఉంటే పేజీ నిలబడుతుంది. మంచి చెడ్డలు, గొప్ప తక్కువలు తూకం వేసే పని వికీకి లేదు. అందుకే ఘోరమైన నేరస్థులకు కూడా పేజీలుంటాయి.

ఈ పట్టింపు ఎందుకంటే, రాసేవాళ్లం అందరం మారుపేర్ల వాళ్లం. నేనెవరో మీకు తెలియదు, మీరెవరో చదివేవాడికి తెలియదు. వికీపీడియాకు ముందు 2000లో జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ కలిసి న్యూపీడియా అని ఒకటి మొదలుపెట్టారు. అందులో పండితులు ఏడు దశల్లో పరిశీలించి ఆమోదిస్తేనే వ్యాసం బయటికొచ్చేది. రాసినవాడి మీద, పరిశీలించినవాళ్ల మీద నమ్మకంతో నడిచే పద్ధతి. కొద్దిపాటి వ్యాసాల దగ్గరే చతికిలబడింది. 2001 జనవరి 15న వికీపీడియా తలుపులు అందరికీ తెరిచారు. అందరూ రాయొచ్చు అన్నప్పుడు నమ్మకం ఇక రాసేవాడి మీద ఉండదు, వాడు చూపించే మూలం మీదే ఉంటుంది.

మూలం చూడకపోతే ఏమవుతుందో రెండు సంగతులు చెబుతాను. ఆంగ్ల వికీపీడియాలో 2005లో ఎవరో జారెడో వెన్స్ అనే ఆస్ట్రేలియా ఆదిమవాసుల దేవుణ్ణి సృష్టించారు. అలాంటి దేవుడే లేడు. ఆ పేజీ 2015 దాకా, దాదాపు పదేళ్లు ఉంది. ఇంకొకటి మనకు దగ్గరిది: గోవాలో 1640-41లో పోర్చుగీసువారికీ మరాఠాలకూ మధ్య బిచోలిం యుద్ధం జరిగిందని 2007లో పెద్ద వ్యాసం వచ్చింది. "మంచి వ్యాసం" గుర్తింపు కూడా దక్కింది. 2012 చివర్లో ఒక వాడుకరి ఓపిగ్గా వెతికితే ఆ యుద్ధమూ లేదు, అందులో చూపించిన పుస్తకాలూ లేవు.

ఇక మీ వ్యాసం. పదకొండు మూలాలున్నాయి, ఒక్కొక్కటీ తెరిచి చూశాను. నాలుగు ఆయన పనిచేసిన బడి ప్రత్యేక సంచికలు. రెండు పూర్వ విద్యార్థుల బ్లాగులు. ఒకటి నిఘంటువు అమ్మకం ప్రకటన. మూడింటిలో ఒక జాబితాలో పేరు మాత్రం ఉంది. మిగిలిన ఒక్కటీ సన్మానం జరిగిందన్న నాలుగు లైన్ల వార్త. ఆయన గురించి సంబంధం లేనివాళ్లు విస్తారంగా రాసినది ఒక్కటీ కనబడలేదు. ఆ మూస పెట్టినవారు చూసింది అదే.

చుక్కలముగ్గు · సోమవారం, రాత్రి 11:20

అన్నీ తెరిచి చూసినందుకు ధన్యవాదాలండి. కానీ మింగుడు పడటం లేదు. ఆయన గురించి ఎవరూ రాయలేదు కాబట్టే కదా నేను రాశాను!

తెరిచినతలుపు · మంగళవారం, ఉదయం 7:15

చుక్కలముగ్గు గారి చివరి మాట చిన్నది కాదు. పాతకాపు గారు చెప్పిన నియమం నాకూ తెలుసు, దానివల్ల జరిగే మంచీ తెలుసు. కానీ "సంబంధం లేనివాళ్లు విస్తారంగా రాయాలి" అన్నప్పుడు, రాసే కలాలు ఎవరి చేతిలో ఉన్నాయి, అవి ఎటు తిరిగి ఉన్నాయి అని కూడా అడగాలి.

1768 నుంచి 1771 మధ్య ఎడిన్‌బరోలో వచ్చిన బ్రిటానికా తొలి ముద్రణలో "స్త్రీ" అన్న మాట దగ్గర ఏముందో తెలుసా? పురుషుడికి ఆడరూపం, "హోమో" (లాటిన్‌లో మనిషి) అన్న పదం చూడుడు, అంతే. గుర్రాలకు వచ్చే జబ్బుల మీద మాత్రం అందులో పేజీలకు పేజీలు ఉన్నాయి. రాసినవాళ్లు దుర్మార్గులని కాదు, వాళ్లకు ముఖ్యం అనిపించింది వాళ్లు రాశారు. మన కాలంలోనూ అదే జరుగుతోందేమో చూసుకోవద్దా? 2011లో బ్రిటన్ రాకుమారుడి పెళ్లిలో వధువు కట్టుకున్న గౌను మీద వ్యాసం వస్తే "దీనికీ పేజీయా" అని తొలగింపుకు పెట్టారు. మరుసటి ఏడు జిమ్మీ వేల్స్ అదే ఉదాహరణ తీసుకుని, కంప్యూటర్లు నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ రకాలకు వందకు పైగా పేజీలున్నాయి, అవి ఎవరికీ అడ్డు రాలేదే అన్నాడు. వికీలో రాసేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు, కంప్యూటర్లు తెలిసినవాళ్లు. తమకు తెలిసింది సహజంగా ముఖ్యమనిపిస్తుంది. తెలియనిది పనికిరానిదిగా కనబడుతుంది.

నాకు డిడెరో గుర్తొస్తాడు. ఫ్రాన్సులో 1751 నుంచి 1772 దాకా ఇరవై ఎనిమిది సంపుటాల విజ్ఞాన సర్వస్వం తెచ్చారే, అందులో చేతి పనులకు ఎంతో చోటిచ్చారు. ఆ పనుల గురించి అప్పటికి పుస్తకాల్లో ఉన్నది తక్కువ. అందుకని పనివాళ్ల దగ్గరికే వెళ్లి అడిగారు, వాళ్ల పని చూశారు, పనిముట్ల బొమ్మలు గీయించారు. పదకొండు సంపుటాలు బొమ్మలే. ఈనాటి వికీ నియమం అప్పుడుండి ఉంటే వాటిలో చాలా వ్యాసాలు "మౌలిక పరిశోధన", అంటే ఇంతకుముందు ఎక్కడా అచ్చుకానిది, అని తీసేసేవాళ్లు.

అచ్చు పుస్తకానికి పేజీల లెక్క ఉంటుంది. కొమర్రాజు లక్ష్మణరావు గారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలయ్యేసరికే 1923లో ఆయన కన్నుమూశారు. కాగితం, డబ్బు, ఒక మనిషి ఆయుష్షు, అన్నీ అడ్డే. వెబ్‌లో ఆ అడ్డులేవీ లేవు. మరి ఒక మంచి మాస్టారి పేజీ ఉంటే ఎవరి సొమ్ము పోయింది?

పాతకాపు · మంగళవారం, ఉదయం 8:05

తెరిచినతలుపు గారూ, డిడెరో మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఆయన సంపాదకుడు. పనివాడి దగ్గరికి వెళ్లి విన్నది తన పేరు మీద, తన పూచీ మీద అచ్చువేశాడు. వికీలో ఆ పూచీ పడేవాడు లేడు.

చోటు అయిపోదన్నారు. చోటు అయిపోదు, కాపలా కాసేవాళ్లు అయిపోతారు. 2005లో అమెరికాలో జాన్ సీగెంథాలర్ అనే పెద్ద పత్రికా సంపాదకుడి పేజీలో, కెనెడీ సోదరుల హత్యల్లో ఆయన మీద అనుమానాలుండేవని ఎవడో రాసిపోయాడు. నాలుగు నెలలు ఎవరూ చూడలేదు. అంత పేరున్న మనిషి పేజీయే అలా ఉంటే, రోజుకు ఒక్కరు కూడా తెరవని పేజీలో మీ మాస్టారి గురించి ఎవడో చెడ్డ మాట రాస్తే ఎన్నేళ్లుంటుందో ఊహించండి. మూలాలు లేని చోట అది అబద్ధమని రుజువు చేయడమూ కష్టం.

ఊరికే పేజీలు పెంచితే ఏమొస్తుందో కూడా చూశాం. ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే సెబువానో భాష వికీపీడియాలో అరవై లక్షల వ్యాసాలున్నాయి. దాదాపు అన్నీ ల్స్‌జ్‌బాట్ అనే బాట్, అంటే తనంతట తానే పేజీలు తయారుచేసే ప్రోగ్రాం, రాసినవే. ఆ భాష మాట్లాడేవాళ్లు ఆ పేజీలు తీర్చిదిద్దే సంఖ్యలో వికీలో లేరు.

కొత్తగొంతు · మంగళవారం, మధ్యాహ్నం 1:30

మధ్యలో వస్తున్నందుకు సారీ అండి. నా స్నేహితుడికి ఒక వీడియో చానెల్ ఉంది, మూడు లక్షల మంది చూస్తారు. అతని మీద పేజీ రాయొచ్చా? ఒక సంస్థ వాళ్లు డబ్బిస్తే పేజీ పెట్టిస్తాం, ఎవరూ తీయలేరు, గ్యారంటీ అంటున్నారు. వార్తల్లో వచ్చేలా కూడా వాళ్లే చూస్తారట.

నీలిసిరా · మంగళవారం, మధ్యాహ్నం 2:50

కొత్తగొంతు గారూ, డబ్బు మాత్రం ఇవ్వకండి. నేను పద్దెనిమిదేళ్లు వార్తల పనిలో ఉన్నాను, లోపల ఏం జరుగుతుందో తెలిసి చెబుతున్నా.

"వార్తల్లో వచ్చేలా చూస్తాం" అంటే ఏమిటంటే, ఒక ప్రెస్ నోట్ వాళ్లే రాస్తారు. నాలుగైదు వెబ్‌సైట్లకు డబ్బు కట్టి వేయిస్తారు. అది వార్తలానే కనబడుతుంది, చివర్లో చిన్న అక్షరాల్లో "ఇది ప్రాయోజిత కథనం" అని ఉండొచ్చు, ఉండకపోవచ్చు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. నాలుగు చోట్ల అవే వాక్యాలు, అదే ఫోటో, ఒకటి రెండు రోజుల తేడాలో వచ్చి ఉంటాయి. విలేఖరి పేరుండదు. ఒక్క విమర్శ మాటా ఉండదు. వికీలో పాతవాళ్లు వాటిని ఒక్క చూపులో పట్టేస్తారు. ఎవరి డప్పు వాళ్లు కొట్టుకున్నది ఎన్ని చోట్ల అచ్చయినా ఒక్క డప్పే.

ఇంటర్వ్యూ కూడా అంతే. పెద్ద పత్రికలో వచ్చినా, అందులో ఆ మనిషి తన గురించి తానే చెప్పుకుంటున్నాడు. విలేఖరి సొంతంగా విచారించి రాసిన భాగం ఎంతుంటే అంతే లెక్క. చూసేవాళ్ల సంఖ్య అసలు లెక్కలోకి రాదు. మూడు లక్షలైనా మూడు కోట్లైనా, ఆ చానెల్ గురించి వేరేవాళ్లు ఆలోచించి రాసింది ఉందా అన్నదే ప్రశ్న.

ఇక గ్యారంటీ. 2015లో ఆంగ్ల వికీపీడియాలో ఆరెంజ్‌మూడీ అని ఒక మోసం బయటపడింది. ఎవరి చిత్తుప్రతి తిరస్కరణకు గురైందో వెతికి పట్టుకుని, "మేం పేజీ పెట్టిస్తాం, డబ్బివ్వండి" అని వాళ్లకే రాసేవాళ్లు. పేజీ పెట్టాక దాన్ని కాపాడాలంటే మళ్లీ డబ్బు. 381 ఖాతాలను నిరోధించారు, 210 వ్యాసాలు తీసేశారు. డబ్బు పుచ్చుకుని రాసేవాళ్లు ఆ సంగతి బయటికి చెప్పాలని 2014 నుంచి వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ నిబంధనల్లోనే ఉంది. గ్యారంటీ అన్నవాళ్లు ఆ మాట మీకు చెప్పారా?

కొత్తగొంతు · మంగళవారం, మధ్యాహ్నం 3:05

చెప్పలేదండి. నెల నెలా "నిర్వహణ ఫీజు" అని కూడా అన్నారు. ఇప్పుడు అర్థమైంది. వద్దని చెప్పేస్తాను.

గణితప్రియ · మంగళవారం, రాత్రి 8:30

నేను భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఈ చర్చలో డోనా స్ట్రిక్‌లాండ్ పేరు రాకపోతే అన్యాయం.

2018 మే నెలలో ఆమె మీద ఎవరో రాసిన చిత్తుప్రతిని ఆంగ్ల వికీపీడియాలో తిరస్కరించారు. చూపించిన మూలాలు చాలవు అన్నారు. అక్టోబరు 2న ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మేరీ క్యూరీకి 1903లో, మరియా గోపెర్ట్ మేయర్‌కు 1963లో వచ్చాక ఆ బహుమతి అందుకున్న మూడో మహిళ. ఆ రోజు దాకా ఆమెకు పేజీ లేదు. ఆ బహుమతికి కారణమైన పని 1985లో అచ్చయింది. అంటే ముప్ఫై మూడేళ్లుగా ప్రపంచంలో అతి శక్తివంతమైన లేజర్ల మీద పనిచేసేవాళ్లు వాడుకుంటున్న పద్ధతి అది. ఆమె పని మారలేదు, బయటివాళ్ల చూపు మారింది. అంతే.

తిరస్కరించిన వాడుకరిని తిట్టడం నాకిష్టం లేదు. ఆ చిత్తుప్రతిలో ఉన్న మూలాలను చూసి నియమం ప్రకారమే చేశాడు. కానీ చిత్తుప్రతిలో ఏముందో చూడటం ఒకటి, ప్రపంచంలో ఏముందో వెతకడం ఇంకొకటి. నియమం అడిగేది రెండోది. మూలాలు ఉన్నాయా అని అడుగుతుంది, ఈ పేజీలో పెట్టారా అని కాదు. తొలగింపుకు పెట్టే ముందు వెతకాలని అక్కడే రాసి ఉంది. ఆ ఒక్క మెట్టు చాలామంది దాటవేస్తారు.

క్లారిస్ ఫెల్ప్స్ సంగతీ అంతే. 117వ మూలకం కనుక్కోవడంలో పాలుపంచుకున్న బృందంలో ఆమె ఒకరు. 2019లో ఆమె పేజీ తొలగించారు. పెద్ద బృందాల్లో చేసే పనికి ఒక్కొక్కరి పేరు పత్రికల్లో రాదు, అది ఆ రంగం స్వభావం. కొత్త మూలాలు దొరికాక 2020లో పేజీ తిరిగొచ్చింది. నాకు ఇందులో ధైర్యం కలిగించే సంగతి ఏమిటంటే, తొలగింపు శాశ్వతం కాదు. జెస్ వేడ్ అనే బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త 2018 నుంచి ఇలా మరుగునపడ్డ శాస్త్రవేత్తల మీద వ్యాసాలు రాస్తున్నారు, వెయ్యి దాటాయి. ఆవిడ నియమాలతో పోట్లాడుతూ కూర్చోలేదు, మూలాలు వెతికి పెడుతూ పోయారు.

మూడోకన్ను · బుధవారం, ఉదయం 6:50

అందరూ పేజీ ఉండటం వరమే అన్నట్టు మాట్లాడుతున్నారు. రెండో వైపు ఒక్కసారి చూడండి.

మా దగ్గరి బంధువు ఒకాయన కొన్నేళ్ల కిందట ఒక ప్రమాదంలో ఇరుక్కున్నారు. తప్పు ఆయనది కాదని తర్వాత తేలింది. కానీ వారం రోజులు పత్రికల నిండా ఆయన పేరే. ఎవరో ఆయన పేరు మీద వికీలో పేజీ మొదలుపెట్టారు. మూలాలు దండిగా ఉన్నాయి కదా! ఆ మనిషి అరవై ఏళ్ల జీవితంలో ఆ ఒక్క సాయంత్రం తప్ప ఆ పేజీలో ఇంకేమీ లేదు. ఎవరైనా ఆయన పేరు వెతికితే మొదట వచ్చేది అదే. ఆయన కూతురికి సంబంధాలు చూస్తున్న రోజులవి. ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

నేను వికీ నేర్చుకున్నది ఆ పేజీ కోసమే. చర్చాపేజీలో నేను బంధువునని ముందే చెప్పుకుని, అడిగాను. ఒకే ఒక్క సంఘటన వల్ల పేరు వినిపించిన జీవించి ఉన్న మనిషికి విడిగా పేజీ ఉండకూడదని అక్కడ నియమం ఉంది. సంఘటన ముఖ్యమైతే దాని మీద పేజీ ఉంటుంది, మనిషి మీద కాదు. పది రోజుల్లో ఆ పేజీని సంఘటన పేజీలో విలీనం చేశారు, ఆయన పేరు కూడా తీసేశారు. ఆ నియమం రాసినవాళ్లెవరో నాకు తెలియదు గానీ, వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

అందుకని "చోటు ఇవ్వడం" అన్నప్పుడల్లా ఆ చోటు ఆ మనిషికి కావాలా అని కూడా నేను ఆలోచిస్తాను. చుక్కలముగ్గు గారూ, మాస్టారిని అడిగారా?

చుక్కలముగ్గు · బుధవారం, ఉదయం 9:10

అడగలేదండి. పూర్తయ్యాక చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఇవాళ ఫోన్ చేస్తాను.

పుస్తకాలగది · బుధవారం, సాయంత్రం 5:25

నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. పైన అంతా చదివాక నాకొకటి తట్టింది. అందరూ మనిషి గురించే మాట్లాడుతున్నారు, ఆ నిఘంటువు సంగతి ఎవరూ ఎత్తలేదు.

వికీలో పుస్తకాలకు విడిగా ఒక కొలత ఉంది. ఒక పుస్తకం మీద సంబంధం లేనివాళ్లు రాసిన సమీక్షలు, పరిచయాలు రెండో అంతకన్నా ఎక్కువో, నాలుగు వాక్యాల పొగడ్త కాకుండా గట్టిగా చర్చించినవి ఉంటే, ఆ పుస్తకం మీద పేజీ పెట్టొచ్చు. ఒక నిఘంటువు వచ్చిందంటే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు దాన్ని చూసి తప్పులు పట్టి ఉంటారు. నిఘంటువుల మీద సమీక్షలు రాసేవాళ్లు వేరే జాతి, వదిలిపెట్టరు!

వెబ్‌లో వెతికి దొరకలేదని ఆగిపోకండి. 2000కు ముందు వచ్చిన పత్రికల్లో చాలా భాగం ఇంటర్నెట్‌లో లేవు, ఉన్నా బొమ్మలుగా ఉన్నాయి, అక్షరాలు వెతికితే దొరకవు. పుస్తకం అచ్చయిన ఏడు నుంచి మూడేళ్ల దాకా ఉపాధ్యాయుల పత్రికలు, భాషా పరిశోధన పత్రికలు, గణిత సంఘాల పత్రికలు చూడండి. బైండు చేసిన సంపుటాల చివర వార్షిక సూచిక ఉంటుంది, అందులో "గ్రంథ సమీక్షలు" అన్న భాగం. తర్వాత వచ్చిన నిఘంటువుల ముందుమాటల్లో కూడా చూడండి, ముందువాళ్లకు కృతజ్ఞతలో, విమర్శో ఉంటుంది. మూలం ఆన్‌లైన్‌లో ఉండాలన్న నియమం వికీలో లేదు. పత్రిక పేరు, సంచిక, పేజీ సంఖ్య ఇస్తే చాలు.

తెరిచినతలుపు · బుధవారం, రాత్రి 9:00

ఇది మంచి దారి. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. పుస్తకం రాసిన మాస్టారికి ఈ దారి దొరికింది. పుస్తకం రాయని మాస్టారి సంగతేమిటి? నోటి మాటగా మాత్రమే ఉన్న విద్యలకు సమీక్షలెక్కడ దొరుకుతాయి? 2011లో అచల్ ప్రభల, ఇంకొందరు ఇదే బాధతో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడీ భాషల్లో ఒక ప్రయోగం చేశారు. తెలిసినవాళ్ల మాటలు రికార్డు చేసి, ఆ రికార్డింగునే మూలంగా చూపించి వ్యాసాలు రాశారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ తలుపు సగమే తెరుచుకుని ఉంది.

పాతకాపు · బుధవారం, రాత్రి 9:45

దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ రికార్డింగులను వేరే ఎవరైనా విని, పోల్చిచూసి, పత్రికలోనో పుస్తకంలోనో రాస్తే అప్పుడు వికీకి ఎక్కుతుంది అనడం తప్ప. మధ్యలో ఆ పని చేసేవాళ్లు తక్కువగా ఉన్నారన్నది నిజం. వికీ నియమం సడలించడం కన్నా ఆ మధ్య పని చేసేవాళ్లు పెరగడమే నాకు కావాలి. మీరు ఒప్పుకోరని తెలుసు.

తెరిచినతలుపు · బుధవారం, రాత్రి 9:52

ఒప్పుకోను. వాళ్లు పెరిగేలోపు చెప్పేవాళ్లు పోతారు.

గణితప్రియ · గురువారం, ఉదయం 7:40

మొదటి పోస్టులో ఊహా జంతువుల మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సంగతి. పోకీమాన్ అనే వీడియో గేములో ప్రతి ఊహా జీవికీ ఒకప్పుడు ఆంగ్ల వికీపీడియాలో విడి పేజీ ఉండేది. తొలగింపు చర్చల్లో "వాటికుంటే దీనికెందుకు వద్దు" అన్నది పెద్ద వాదంగా ఉండేది. తర్వాత వాటిలో చాలా వాటిని జాబితాల్లో కలిపేశారు, నిజంగా ఎవరైనా రాసినవాటినే విడిగా ఉంచారు. "అక్కడ ఉంది కదా" అన్న వాదన వల్ల ఒక్కోసారి అక్కడున్నదే పోతుంది. చుక్కలముగ్గు గారూ, చర్చలో ఆ మాట మాత్రం వాడకండి.

చుక్కలముగ్గు · తర్వాతి శుక్రవారం, రాత్రి 10:15

ఆలస్యానికి క్షమించండి. చర్చను ఇంకో వారం పొడిగించారు, ఆ పుణ్యాన వెతకడానికి టైమ్ దొరికింది. పుస్తకాలగది గారు చెప్పినట్టే మూడు గ్రంథాలయాలు తిరిగాను. వార్షిక సూచికలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాను. రెండో గ్రంథాలయంలో ఒకటి, మూడో దాంట్లో ఒకటి దొరికాయి.

మొదటిది ఉపాధ్యాయుల మాసపత్రికలో రెండు పేజీల సమీక్ష. తరగతి గదిలో ఎలా వాడొచ్చో ఉదాహరణలతో రాశారు. రెండోది భాషా పరిశోధన త్రైమాసికలో ఐదు పేజీలు. అది చదువుతుంటే చేతులు వణికాయి. మాస్టారు కొత్తగా కూర్చిన మాటల్లో పదమూడింటిని తీసుకుని, ఇవి వాడుకలో నిలవవు అని ఒక్కొక్కదానికీ కారణం చెప్పారు. రెండు నిర్వచనాలు గణితపరంగానే తప్పు అన్నారు. గ్రంథాలయంలో కూర్చునే ఏడ్చేశాను. ఇంటికొచ్చి మళ్లీ చదివాను. ఐదు పేజీలు! ఎవరో తెలియని ఒక పండితుడు మా మాస్టారి పుస్తకాన్ని అక్షరం అక్షరం చదివాడు. నా వ్యాసంలో పదకొండు మూలాలున్నా, వాటిలో ఒక్కదానిలోనూ ఎవరూ ఆ పుస్తకం తెరిచి చూసినట్టు లేదు. తేడా అప్పుడు తెలిసింది.

మాస్టారితో మాట్లాడాను. తన మీద పేజీ ఉందని చెబితే కాసేపు ఏమీ అనలేదు. "నా గురించి ఏం రాశావమ్మా?" అన్నారు. చదివి వినిపించాను. "పుట్టిన తేదీ, పిల్లల పేర్లు ఎందుకు, తీసెయ్యి" అన్నారు. పుస్తకం మీద పేజీ అంటే మాత్రం గొంతు మారింది. త్రైమాసికలో వచ్చిన సమీక్ష సంగతి చెప్పడానికి తటపటాయించాను. ఆయనే అడిగారు: "ఆ రెండు నిర్వచనాలూ తప్పేనమ్మా. ఆయన చెప్పింది చూసి రెండో ముద్రణలో దిద్దాను. అది రాశావా?"

మనిషి మీద పేజీని వెనక్కి తీసుకుంటున్నట్టు చర్చలో నేనే రాశాను. పుస్తకం మీద కొత్త చిత్తుప్రతి ప్రయోగశాలలో, అంటే వికీలో రాసి చూసుకునే పేజీలో, పెట్టాను. రెండు సమీక్షలూ వాడాను, పదమూడు మాటల విమర్శ కూడా పెట్టాను. మాస్టారి గురించి మూడు వాక్యాలే ఉన్నాయి. ఒక్క సందేహం: నిర్వచనాలు దిద్దారన్న సంగతి నాకు ఆయన ఫోన్‌లో చెప్పారు. అది రాయొచ్చా?

పాతకాపు · శుక్రవారం, రాత్రి 10:40

ఫోన్‌లో విన్నది రాయకూడదు. కానీ రెండో ముద్రణ ముందుమాటలో ఆయన ఆ మార్పుల గురించి రాసి ఉంటే, ఆ సంగతికి ఆ పుస్తకమే మూలంగా సరిపోతుంది. ప్రాముఖ్యత చూపించడానికి సొంత పుస్తకం పనికిరాదు గానీ, తనలో ఏం మారిందో చెప్పడానికి పనికొస్తుంది. మీ దగ్గర రెండో ముద్రణ ఉందా?

చుక్కలముగ్గు · శుక్రవారం, రాత్రి 10:58

ఉంది. ముందుమాట చివరి పేరాలో ఆ సమీక్షకుడికి కృతజ్ఞత చెప్పి, రెండు నిర్వచనాలూ మార్చానని రాశారు. ఎనిమిదో తరగతిలో నాకు బహుమతిగా ఇచ్చిన కాపీ ఇదే, ఇన్నేళ్లూ ముందుమాట చదవలేదు.

పాతకాపు · శుక్రవారం, రాత్రి 11:02

పేజీ సంఖ్య?

చుక్కలముగ్గు · శుక్రవారం, రాత్రి 11:03

పద్నాలుగు.